నవ్వించిన చాప్లిన్

గుండ్రని టోపీ, బుల్లి మీసం, వదులు ప్యాంటు, చేతికర్ర. ఆయనే చార్లీ చాప్లిన్. 1889 ఏప్రిల్ 16న పుట్టాడు. లండన్‌లో పేదరికంలో పెరిగాడు. తల్లి హన్నా నాటకశాలల్లో పాటలు పాడేది. గొంతు పాడై ఆ పని పోయింది. 1896లో తల్లీ, అన్న సిడ్నీ, ఏడేళ్ల చార్లీ పేదల శరణాలయంలో చేరారు. అక్కణ్ణుంచి పిల్లలిద్దర్నీ హాన్‌వెల్ బడికి పంపేశారు. అమ్మ ఒకచోట, పిల్లలు ఒకచోట. తర్వాత ఆమెకు మతి చలించింది.

1914లో చాప్లిన్ అమెరికాలో మూకీ సినిమాల్లోకి వచ్చాడు. మాట లేకుండానే లోకాన్ని నవ్వించాడు. 1921లో 'ది కిడ్' తీశాడు. అందులో అనాథ పిల్లాణ్ణి అధికారులు బండెక్కించి తీసుకుపోతుంటే, చాప్లిన్ ఇళ్లకప్పుల మీద పరుగెత్తి కాపాడతాడు. తల్లికి దూరమైన బాధ ఆయనకు తెలుసు కదా! అదే ఏడు తల్లిని అమెరికా తెచ్చుకుని, 1928లో ఆమె పోయేదాకా చూసుకున్నాడు.

1977 డిసెంబరు 25న చాప్లిన్ కన్నుమూశాడు. 'గాంధీ' తీసిన ఆటెన్‌బరోనే 1992లో ఆయన జీవితాన్ని 'చాప్లిన్' అనే సినిమాగా తీశాడు. అందులో హన్నా వేషం వేసింది ఎవరో తెలుసా? చాప్లిన్ కూతురు జెరాల్డిన్. నాయనమ్మ వేషం మనవరాలే వేసింది!

అమ్మకు దూరంగా ఉండి చదువుకునే మనకు చాప్లిన్ పరాయివాడు కాదు. ఏడుపొచ్చిన రోజున ఆయన్ని తలుచుకుందాం.