ఓడలకు పలుకు నేర్పిన మార్కోనీ

2022వ సంవత్సరము జూను మాసమున ఎంప్రెస్ అను విహారనౌక చెన్నపురి రేవునుండి ప్రయాణికులతో విశాఖపట్టణమునకు పోయెను. అట్టి ఓడ నెక్కినవారికి తీరము కనుమరుగైన కొంతసేపటికే ఒక వింత యెదురగును. చేతిలోని సెల్‌ఫోను మూగవోవును. అందు వింతయేమియు లేదు. మన ఫోను మాటాడునది ఊరూర నిలిచిన టవరులతోడనే. ఆ టవరుల కేక తీరమునుండి కొద్ది దూరమే సాగును. నడిసముద్రమున టవరులు నాటువారెవరు?

అయినను నేడు ఓడలో ఫోను పలుకుచున్నది, అంతర్జాలము పనిచేయుచున్నది. తీగలేకయే కదలు ఓడతో మాటాడవచ్చునని లోకమునకు రుజువుచేసి, దానినొక వాడుకగా నిలిపిన వాడు గుగ్లియెల్మో మార్కోనీ. విద్యార్థులారా! అతని చరిత్రను కేవలము ఒక గొప్పవాని కథగా గాక, ఒక ప్రశ్నతో చదువుడు. ఓడనుండి మాటకున్న దారి ఇరుకైనది. ఆ యిరుకు దారిలో ఎవరి మాట ముందు పోవలెను?

ఆ దారియే లేని కాలమును మన పెద్దలెరుగుదురు. కాకినాడ, విశాఖపట్టణము, చెన్నపురి రేవులనుండి వేలకొలది తెలుగువారు కూలికై రంగూనునకు ఓడలెక్కిరి. ఓడ కనుచూపు దాటిన పిమ్మట, ఆవలి రేవునుండి ఉత్తరము వచ్చువరకు ఇంటివారికి తెలియునది శూన్యము. 19వ శతాబ్దమున తంతివార్తలు సముద్రగర్భమున వేసిన త్రాళ్లగుండ ఖండములు దాటెను గాని, కదలిపోవు ఓడకు తీగ కట్టుటెట్లు? తుఫానులో చిక్కినను, నిప్పంటుకొనినను ఓడకు నోరు లేదు.

మార్కోనీ 1874 ఏప్రిల్ 25వ తేదీన ఇటలీదేశమందలి బొలోన్యా పట్టణమున జన్మించెను. తండ్రి జ్యుసెప్పే ఇటలీవాడు, భూవసతిగల గృహస్థు. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశస్థురాలు. కావున ఆ బాలునకు తండ్రి భాష యొకటి, తల్లి భాష యొకటి. ఇంట నొకభాషయు వీధి నొకభాషయు గల మన మనలి పిల్లలకిది క్రొత్తగాదు. తల్లి నేర్పిన ఇంగ్లీషే ముందుముందు లండను నగరమున అతనికి త్రోవ చూపెను. పెద్ద పట్టమేదియు అతడు పొందలేదు. ఇంటికి పొరుగుననున్న ఆచార్య అగస్టో రీగీ దయతో విశ్వవిద్యాలయమున ఉపన్యాసములు వినెను, పరికరములు చూచెను.

జర్మనుపండితుడు హైన్రిక్ హెర్ట్జ్ విద్యుత్తరంగములు తీగయాధారము లేకుండ గాలిలో పయనించునని 1888 నాటికి నిరూపించియుండెను. 1894లో అతడు మరణించిన పిమ్మట ఆ ప్రయోగములనుగూర్చి చదివిన మార్కోనీకి, ఆ తరంగములతో వార్త నంపరాదా యను తలంపు పట్టుకొనెను. పొంటెక్కియో గ్రామమందలి తమ యింటి మేడపై అటుకగదిలో పని మొదలిడెను. తరంగమును పట్టుటకు అతడు వాడినది గాజుగొట్టములోని లోహపు రజను. సాధారణముగ రజను విడివిడిగనుండి విద్యుత్తును పోనీయదు. తరంగము తాకగనే రేణువులు ఒకదానినొకటి అంటుకొని దారి యిచ్చును. చిన్న సుత్తి యొకటి గొట్టమును తట్టగనే మరల విడివడును. ఈ పరికరము అతడు కనిపెట్టినది కాదు. ఫ్రాన్సుదేశమున బ్రాన్లీ మున్నగువారు చేసినది. మార్కోనీ దానిని సరిదిద్ది, పంపుయంత్రమునకు ఎత్తైన తీగ నొకటి తగిలించి, మరియొక కొనను భూమిలో పాతెను. దానితో దూరము పెరిగెను. 1895లో అతని యన్న ఆల్ఫోన్సో గ్రాహకయంత్రమును గైకొని కొండకావలివైపునకు పోయెను. సంకేతము అందినచో తుపాకి పేల్చవలెనని యేర్పాటు. తుపాకి మ్రోగెను. కొండ యడ్డమైనను తరంగము చేరెనన్నమాట.

ఇచట మనవారి మాట యొకటి చెప్పకపోవుట అన్యాయము. ఇంచుమించు ఆ కాలముననే కలకత్తాలో జగదీశచంద్రబోసుగారు ఇట్టి తరంగములతో దూరముననున్న గంటను మ్రోగించి, మందుగుండును పేల్చి చూపిరి. పిమ్మట మార్కోనీ మహాసముద్రము దాటిన సంకేతమును పట్టిన పాదరస గ్రాహకమునకు బోసుగారి పనియే మూలమని కొందరు పండితులు వాదింతురు. బోసుగారు ప్రకృతి రహస్యమును వెదకిరి. మార్కోనీ వాడుకను వెదకెను. ఇద్దరి త్రోవలును వేరు.

1896లో మార్కోనీ తల్లితో లండనునకు వచ్చి, అచట తపాలాశాఖ ప్రధాన ఇంజనీరగు విలియం ప్రీస్ ఆదరమును పొందెను. 1897 మే నెలలో బ్రిస్టల్ అఖాతముమీదుగ దాదాపు 6 కిలోమీటర్లు సంకేతములు పోయెను. ఆ యేడే కంపెనీ పుట్టెను. తరువాత దీపనౌక యొకదానిపై, అనగా ఇసుకతిన్నెలచెంత లంగరువేసి దీపము చూపు ఓడపై, అతని యంత్రము నుంచిరి. 1899 ఏప్రిల్ 28వ తేదీన మంచులో దారితప్పిన ఆర్.ఎఫ్. మాథ్యూస్ అను ఓడ ఆ గుడ్విన్ దీపనౌకనే ఢీకొనెను. దీపనౌక తీగలేని వార్తతో ఒడ్డునుండి సహాయము పిలిచెను. ఓడకు నోరు వచ్చిన తొలిదినములవి.

అదే సంవత్సరము నవంబరులో మార్కోనీ న్యూయార్కునుండి సెయింట్ పాల్ అను ఓడలో మరలి వచ్చుచు, ఇంగ్లండు తీరము ఇంకను దూరముననుండగనే వార్తలు తెప్పించి, ఓడలోనే చిన్న పత్రిక నచ్చువేయించెను. ప్రతి యొక డాలరు చొప్పున అమ్మి, ఆ సొమ్మును నావికుల నిధికిచ్చిరి. ఒక ఏడాదిలోనే రెండు ముఖములు కనబడుచున్నవి చూడుడు: ఆపదలో పిలుపు యొకటి, ప్రయాణికుల వినోదము యొకటి.

1901 డిసెంబరు 12వ తేదీన న్యూఫౌండ్‌లండులోని సిగ్నల్ హిల్ అను కొండపై గాలిపటముతో తీగ నెగురవేసి, ఇంగ్లండులోని పోల్డూనుండి వచ్చిన మూడు చుక్కల సంకేతమును వింటినని మార్కోనీ ప్రకటించెను. నిజముగ వినెనా యని నేటికిని కొందరికి సందేహమే. కాని 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడలో జరిపిన పరీక్ష సందేహమునకెడమీయలేదు. యంత్రమే కాగితముపై గీతలు గీసెను. అందు వింత యొకటి బయలుపడెను. పగటివేళ సంకేతములు 700 మైళ్లకు మించి రాలేదు. రాత్రివేళ 1500 మైళ్లకు పైబడియు వార్తలు చక్కగ వచ్చెను. మన తలలపై ఎంతో ఎత్తున విద్యుదావిష్టమైన పొరలున్నవనియు, అవి తరంగములను భూమివైపునకు వంచుననియు, పగటి ఎండకు వాటి తీరు మారుననియు తరువాతివారు తెలిసికొనిరి. ఈ పొరల పరిశోధనలోనే విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావుగారు ఖ్యాతి గడించిరి.

ఇక నిందకు దావిచ్చిన సంగతి. మార్కోనీ కంపెనీ యంత్రములను అమ్మక, పనివానితోసహా ఓడలకు అద్దెకిచ్చెడిది. ఇతర కంపెనీల యంత్రములతో మాటాడరాదని తన పనివారికి కట్టడి చేసెను. సముద్రమున నొక ఓడ పిలిచినను, అది మరియొకరి యంత్రమైనచో పలుకరాదట! వ్యాపారదృష్టితో దీనికెన్ని కారణములు చెప్పినను నా మనసొప్పదు. జర్మనీ మున్నగు దేశములు తిరుగబడినవి. 1906లో బెర్లినులో జరిగిన సభ, ఎవరి యంత్రమైనను తీరముతోడి వార్తల నందుకొనవలెనని నిర్ణయించెను. ఆపదకు ఎస్.ఓ.ఎస్. అను సంకేతమును ఖాయపరచినదియు ఆ సభయే.

1909 జనవరిలో రిపబ్లిక్, ఫ్లోరిడా అను ఓడలు పొగమంచులో ఢీకొనగా, జాక్ బిన్స్ అను యువకుడు గంటలకొలది వార్తలు పంపి సహాయము రప్పించెను. సుమారు 1500 మంది బ్రదికిరి. ఆ యేడే బ్రౌన్ అను జర్మనునితో గూడ మార్కోనీకి నోబెల్ బహుమానము వచ్చెను.

పిమ్మట 1912 ఏప్రిల్ వచ్చెను. టైటానిక్ ఓడలో జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ అను ఇద్దరు యువకులు వైర్లెస్ పనికుండిరి. వారు మార్కోనీ కంపెనీ జీతగాండ్రు. వారి పనిలో పెద్దపాలు ధనవంతులగు ప్రయాణికుల సొంత వార్తలు పంపుట. మొదటి పది మాటలకు 12 షిల్లింగుల 6 పెన్సులు రుసుము. అంతకుముందు రాత్రి యంత్రము చెడి, బాగుచేయుటకు చాలసేపు పట్టెను. అందుచే 14వ తేదీ సాయంకాలమునకు కాగితములు గుట్టపడెను. రాత్రి 11 గంటల ప్రాంతమున సమీపముననున్న కాలిఫోర్నియన్ అను ఓడ తాము మంచుగడ్డలలో ఆగిపోతిమని తెలుపబోయెను. తీరముతో మాటాడుచున్న ఫిలిప్స్ విసిగి, అడ్డురావలదని ఆపెను. ఆ ఓడలో నున్నది ఒక్కడే ఆపరేటరు. అతడు కొంతసేపు విని, యంత్రమాపి పరుండెను. 11 గంటల 40 నిమిషములకు టైటానిక్ మంచుకొండను తాకెను.

ఫిలిప్స్‌ను నిందించుట తేలిక. కాని ఆ కుర్రవాడు నీరు గదిలోనికి వచ్చువరకు పిలుపులు పంపుచునేయుండి, ప్రాణము విడిచెను. 58 మైళ్ల దూరముననున్న కార్పేథియా ఓడలో పనివాడు నిదురింపబోవుచు ఇంకను చెవిగొట్టములు తీయకుండుటచే ఆ పిలుపు వినబడెను. 700కు పైబడి జనులు బ్రదికిరి. సుమారు 1500 మంది మునిగిరి. తప్పు ఏర్పాటులో నున్నది. ఒక్కటే దారి, అందు శుభాకాంక్షలును, మంచుగడ్డల హెచ్చరికయు ఒకే వరుసలో నిలుచుండినవి. న్యూయార్కులోనున్న మార్కోనీని జనులు రక్షకుడని కొనియాడిరి. బ్రైడ్ తన కథను ముందుగ పత్రికవారికి అమ్ముకొనుటకు వీలు కల్పించినందులకు అమెరికా విచారణసంఘమువారు అతనినే నిలదీసిరి.

1914లో లండనున దేశములు గూడి, పెద్ద ప్రయాణికుల ఓడలలో రేయింబవళ్లు ఎవరో యొకరు వినుచుండవలెనని ఒడంబడిక వ్రాసికొనిరి. ఆ యేడే సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ చెన్నపురిపై గుండ్లు కురిపించి, బర్మా ఆయిలు కంపెనీ తొట్లను కాల్చెను. ఇతరుల వైర్లెస్ మాటలను వినుచు తాను మాత్రము మౌనముగ తిరిగిన ఓడ యది. గడుసువానిని ఎమ్డన్ అనుట నేటికిని మన యూరి తమిళములో కలదు. నవంబరు 9న కోకస్ దీవులలోని తీరకేంద్రము ఒక్క వార్త పంపగలిగెను. ఆస్ట్రేలియా నౌక సిడ్నీ వచ్చి ఎమ్డెన్‌ను కూల్చెను.

మార్కోనీ తరువాతి జీవితమును క్లుప్తముగ చెప్పుదును. 1912లో మోటారు ప్రమాదమున ఒక కన్ను పోయెను. యుద్ధానంతరము ఎలెట్రా యను ఓడను కొని, దానినే ప్రయోగశాలగ మార్చుకొనెను. 1927లో హ్రస్వతరంగములతో ఇంగ్లండునకు హిందూదేశమునకు వార్తాసంబంధము కలిగెను. మనదేశపు కేంద్రములు పూనాచెంత నుండెను. 1930లో జెనోవా రేవున ఎలెట్రాలో మీటనొక్కి సిడ్నీ పురభవనమున దీపములు వెలిగించెను. ముస్సోలినీ పక్షమున చేరి పదవులందుకొనుట అతని కీర్తికి మచ్చ. దానిని దాచి వ్రాయుట తగదు. 1937 జూలై 20వ తేదీన రోమునగరమున మరణించెను. అతనికి గౌరవముగ అనేక దేశముల రేడియో కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించెను.

అతని పిదప ఓడల మాట ఆకాశమునకెక్కెను. 1970వ దశకము చివరినుండి ఓడలకై ప్రత్యేకించిన ఉపగ్రహములు వచ్చెను. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్లుండు ఉపగ్రహమునకు మాట పోయి, దిగి, బదులు మరల అట్లే వచ్చుటకు అర సెకండు పట్టును. అందుచేతనే అట్టి ఫోనులో మాటలు ఒకదానిపై నొకటి పడుచుండును. ఇటీవల 550 కిలోమీటర్ల ప్రాంతమున తిరుగు చిన్న ఉపగ్రహముల గుంపులు వచ్చి ఆ యాలస్యమును తగ్గించినవి. మన సముద్రజలములలో నడచు ఓడలలో ఇట్టి సేవలకు భారత ప్రభుత్వము 2018లో నిబంధనలు చేసెను.

తలిదండ్రులు ఒక్కటి గమనింపవలెను. పలు విహారనౌకలలో చిన్న టవరు యుండును. అది ఉపగ్రహముతో ముడిపడినది. మన ఫోను మనలనడుగకయే దానిని పట్టుకొని, విదేశములో తిరుగుచున్నట్లు లెక్కగట్టి, ఊరు చేరిన పిదప గుండె గుభేలుమను బిల్లు తెచ్చును. ఓడ యెక్కగనే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఓడవారి వైఫైను ధర విచారించి కొనుట మేలు. ఆ వైఫై కూడ వందలమంది పంచుకొనునదే. అందరు ఒక్కసారి చలనచిత్రములు చూడబోయినచో మందగించును.

ఆపద పిలుపు మాత్రము నేడు ఆ వరుసలో నిలువదు. 1999 ఫిబ్రవరి 1వ తేదీనుండి పెద్ద ఓడలన్నిట మోర్సు సంకేతముల స్థానే వేరొక యంత్రాంగము పూర్తిగ అమలులోనికి వచ్చెను. ప్రయాణికుల వార్తలతో దానికి సంబంధము లేదు. ఓడ మునిగినచో నీటిపై తేలి, తనంతట తానే 406 మెగాహెర్ట్జ్‌పై ఉపగ్రహమునకు మొరపెట్టుకొను పరికరమును గలదు.

కాశిమేడునుండి ఎన్నూరువరకు గల మన పొరుగు బెస్తవారి పడవలకు అంతంత యంత్రములు లేవు. వారికై ఇస్రో సంస్థ ఒక చిన్న ఆపత్సూచక యంత్రమును చేసెను. మీట నొక్కినచో పడవయున్న చోటు ఉపగ్రహముగుండ ఒడ్డునకు తెలిసి, తీరరక్షకదళమువారు బయలుదేరుదురు. తొలుత వచ్చిన యంత్రములో పిలుపు పోవుటయే గాని, అది చేరినదో లేదో పడవలోనివానికి తెలియకుండెను. 2024లో వచ్చిన రెండవ తరము యంత్రములో ఆ కొరత తీరినది. అలలమధ్య నున్న ఆ మనుష్యునకు, నీ పిలుపు అందినదని ఒడ్డునుండి బదులు వచ్చుచున్నది.