పిల్లల నోటికి మాట నేర్పిన పెద్దాయన - డాక్టర్ జాకీర్ హుస్సేన్

డాక్టర్ జాకీర్ హుస్సేన్ సాహెబ్ పేరు వినని ఇల్లు మనలో ఉండదు. భారతదేశానికి రాష్ట్రపతి అయిన తొలి ముస్లిం ఆయన. అయితే రాష్ట్రపతి పదవిలో ఆయన ఉన్నది రెండేళ్లే, బడి నడిపింది మాత్రం ఇరవై రెండేళ్లు. మన సొసైటీ కుటుంబాలలో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు గనుక, ఆ ఇరవై రెండేళ్ల సంగతే ఇక్కడ ముచ్చటించదలిచాము.

మన సికింద్రాబాద్ గడియార స్తంభం వయసూ ఆయన వయసూ ఒకటే. 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు ఉత్తరాదిన ఖాయంగంజ్ నుండి వచ్చి ఇక్కడ వకీలుగా స్థిరపడ్డారు. 1907లో తండ్రి పోయారు. కుటుంబం ఖాయంగంజ్ తిరిగి వెళ్లింది. పిల్లవాడు ఇటావా ఇస్లామియా హైస్కూలు హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఉండగా 1911లో ప్లేగు వచ్చి తల్లి కూడా కన్నుమూసింది. అమ్మా నాన్నా లేని ఆ పిల్లవాణ్ణి నిలబెట్టింది బడే. బడి అంటే ఆయనకు అంత ప్రేమ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

1920లో అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా వెలిసినప్పుడు ముందుకు నడిచిన విద్యార్థులలో ఆయన ఒకరు. తర్వాత బెర్లిన్ వెళ్లి అర్థశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని 1926లో తిరిగి వచ్చేసరికి, ఢిల్లీకి మారిన జామియా దగ్గర డబ్బు లేదు, మూతపడే స్థితి. ఆయనా, తోటి ఉపాధ్యాయులూ కలిసి ఇరవై ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా పనిచేస్తామని మాట ఇచ్చుకున్నారు. ఎన్నోసార్లు అదీ పూర్తిగా చేతికి రాలేదు.

ఇంత ఇబ్బందిలోనూ పెద్ద క్లాసుల కంటే చిన్నపిల్లల బడి మీదే ఆయనకు ఎక్కువ శ్రద్ధ. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి పునాది రాయి వేయించింది ఏ నవాబు చేతనో కాదు, బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత! అక్కడి ప్రాథమిక పాఠశాలలో పిల్లలు తామే ఒక దుకాణం, ఒక బ్యాంకు నడిపేవారు. దుకాణం నడిపే పిల్లవాడికి ధర, తూకం, అప్పు, లాభం, రసీదు అనే మాటలు ఎవరూ బట్టీ పట్టించనక్కరలేదు. పనిలో పడి అవే నోటికి వస్తాయి. జర్మనీ నుండి వచ్చిన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ ఈ పిల్లల పనిలోనే ఉండి, వారందరికీ ఆపాజాన్ అయి, 1943లో జామియాలోనే కన్నుమూశారు.

1937లో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ జరిపినప్పుడు, పాఠ్యప్రణాళిక తయారుచేసే కమిటీకి జాకీర్ హుస్సేన్ గారే అధ్యక్షులయ్యారు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, అది మాతృభాషలో, ఒక చేతిపనితో కలిపి ఉండాలని ఆ కమిటీ చెప్పింది. మాతృభాష పాఠానికి మొట్టమొదటి లక్ష్యంగా పెట్టింది వ్యాకరణం కాదు. తన చుట్టూ ఉన్న వస్తువుల గురించి, మనుషుల గురించి, జరిగే సంగతుల గురించి పిల్లవాడు జంకు లేకుండా మాట్లాడగలగాలి, అదీ లక్ష్యం. ఈ పథకాన్ని ఆనాడు ముస్లిం లీగ్ గట్టిగా వ్యతిరేకించింది. తర్వాత ప్రభుత్వాలు అమలు చేసిన తీరు చూసి ఆయన కూడా పైకే అసంతృప్తి చెప్పారు. రాట్నం మిగిలి, దాని వెనుక ఉన్న ఆలోచన పోతే అది చదువు ఎలా అవుతుంది?

ఆయన కూతురు రెహానా పసితనంలోనే చనిపోయింది. ఆ కబురు వచ్చినప్పుడు ఆయన బడిపిల్లలకు మిఠాయి పంచుతున్నారని, వాళ్ల సంతోషం చెడకూడదని పంచడం పూర్తిచేసే ఇంటికి వెళ్లారని చెబుతారు. పిల్లల కోసం రాసిన కథలకు తన పేరు పెట్టుకోక రుఖయ్యా రెహానా అని పెట్టారు. అబ్బూ ఖాన్ మేక కథ అలా వచ్చినదే. అందులోని ఉర్దూ ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే ఉర్దూ.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, 1957లో బీహార్ గవర్నర్‌గా, 1962లో ఉపరాష్ట్రపతిగా, 1967లో రాష్ట్రపతిగా ఎన్నో పదవులు చూశారు. 1963లో భారతరత్న వచ్చింది. 1969 మే 3న పదవిలో ఉండగానే పరమపదించారు. ఖననం చేసింది జామియా ఆవరణలోనే.

ఇక మన ఇళ్ల సంగతి. మన పిల్లలు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. మూడు భాషలుండి కూడా, పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి తన పని చెప్పుకోలేని పిల్లలను మనం చూస్తూనే ఉన్నాము. పుస్తకంలో బొమ్మ చూసి పేరు చెబుతాడు, పక్క వీధిలో అదే వస్తువు కనబడితే దాన్ని ఏమంటారో తెలియదు. లోపం పిల్లవాడిది కాదు, వాణ్ణి చేయి పట్టుకుని బయటకు తీసుకెళ్లే తీరిక మనకు లేకపోవడం.

ఫీజు అక్కరలేని చదువు ఇది. మోండా మార్కెట్‌కు వెళ్లేటప్పుడు పిల్లను వెంటబెట్టుకుని గంప, తట్ట, తూకం చూపించండి. టైలర్ దుకాణం ముందు ఆగి కాజా, అస్తరు ఏవో అడగనివ్వండి. ఆ రెండు మాటలూ తెలుగువారి నోటా ఉన్నాయి, మన నోటా ఉన్నాయి. స్టేషన్‌లో కూలీ భాయ్‌కి సలాం చెప్పించి, ఆయన పనేమిటో పిల్లవాడితోనే అడిగించండి. ఇంటికొచ్చాక నానీకో దాదీకో ఆ సంగతులన్నీ వాడి నోటితోనే చెప్పించండి. తప్పు మాట వస్తే నవ్వకండి, సరైన మాట అందించండి. పనిచేసేవాడి పేరు, పనిముట్టు పేరు నేర్చిన బిడ్డ ఆ మనిషికి మర్యాద ఇవ్వడం కూడా నేరుస్తాడు. జాకీర్ హుస్సేన్ సాహెబ్ పేరిట సభలు జరుపుతాము, పూలదండలు వేస్తాము, మంచిదే. ఈ సంవత్సరం మాత్రం మన సభ్యులలో ప్రతి కుటుంబమూ వారానికి ఒక్క గంట ఇలా పిల్లల వెంట నడిచి చూడాలని కోరుతున్నాము.