ఉపేంద్రనాథ బ్రహ్మచారి

వంగ, అస్సాము, బీహారు సీమలలో ఒకప్పుడు కాలా ఆజార్ ప్రవేశించిన గ్రామము శ్మశానతుల్యమగుచుండెను. నెలల తరబడి విడువని జ్వరము, ఉబ్బిన ప్లీహము, నల్లబడి కృశించు దేహము దాని లక్షణములు. చికిత్స లేనిచో మరణము దాదాపు తథ్యము. దీనికి కారణమైన పరాన్నజీవిని 1903లో లీష్మన్, మదరాసులోని డోనవన్ వేర్వేరుగా ప్రకటించిరి.

ఈ వ్యాధికి దివ్యౌషధము నొసగిన ఉపేంద్రనాథ బ్రహ్మచారి 1873లో జన్మించిరి. తండ్రి రైల్వే వైద్యుడు. గణిత, రసాయన శాస్త్రములను చదివి, పిమ్మట వైద్యము నభ్యసించి, 1905లో కలకత్తా కాంబెల్ వైద్య పాఠశాలలో అధ్యాపకులైరి.

అటుపిమ్మట టార్టార్ ఎమెటిక్ అను ఆంటిమొని లవణము వాడుకలోనికి వచ్చెను. అది క్రిమిని చంపునుగాని రోగినిగూడ బాధించెడిది. ఆంటిమొని విషగుణము తగ్గవలెనన్న పట్టుదలతో బ్రహ్మచారి పరిశోధనకు పూనుకొనిరి. ఆ ప్రయోగశాల ఒక చిన్న గది. విద్యుత్తు లేదు, గ్యాసు లేదు, నీటి కొళాయి లేదు. రాత్రులందు కిరసనాయిలు లాంతరే వెలుగు. అందే 1920లో యూరియా స్టిబమీన్ సిద్ధమయ్యెను. నెలలు పట్టు చికిత్స వారములలో ముగిసి, అసంఖ్యాకుల ప్రాణములు నిలిచెను. నయమైన పిమ్మటకూడ వ్యాధి చర్మముపై మచ్చలుగా తలయెత్తునని 1922లో వెల్లడించినవారును వీరే.

1929లో వీరి పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదింపబడెనుగాని బహుమతి లభింపలేదు. 1936లో భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిరి. 1946 ఫిబ్రవరి 6న కీర్తిశేషులైరి.

క్రిమి మాత్రము ఊరకుండలేదు. యూరియా స్టిబమీన్ స్థానమున వచ్చిన ఆంటిమొని మందులను అరకొర మోతాదులలో వాడుట, నడుమ మానివేయుట మున్నగు కారణములచే ఉత్తర బీహారున క్రిమి వానికి లొంగకుండ పోయెను. 1990 దశకము నాటికి అచ్చట కొన్ని ప్రాంతములలో సగమునకు పైగా రోగులకు ఆ మందు పనిచేయలేదు. అప్పుడు వైద్యులు ఆంఫోటెరిసిన్‌ను, నోటితో పుచ్చుకొను మిల్టెఫోసిన్‌ను ఆశ్రయించిరి. తరువాత ఆంఫోటెరిసిన్‌ను సూక్ష్మమైన కొవ్వు బుడగలలో నిమిడ్చి ఇచ్చు పద్ధతి వచ్చెను. క్రిమి దాగియుండు కణములే ఆ బుడగలను మ్రింగుటచే మందు నేరుగా శత్రువునే చేరును, రోగికి బాధ తగ్గును. 2014లో దీనిని ఒకే మోతాదుగా ఇచ్చు విధానమును భారత ప్రభుత్వము చేపట్టెను.

మందు మారెను. క్రిమిని చంపవలెను, రోగిని నొప్పింపరాదు అను బ్రహ్మచారి ఆశయము మారలేదు. లాంతరు వెలుగున సాగిన ఆ కృషికి ఇదియే తగిన స్మారకము.