47 ఏళ్ల బండి.. 68 ఏళ్ల రైడర్!

బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుకి మీరు ఎన్నాళ్లు పెట్టారు? ఒక సెమిస్టరా, రెండా? నిజం చెప్పాలంటే చాలా బ్యాచ్‌లలో ఆఖరి పదిహేను రోజుల్లోనే పని కానిచ్చేస్తారు. రెజ్యూమెలో ఒక లైను చేరుతుంది. ఇంటర్వ్యూలో దాని మీద మూడో ప్రశ్న పడగానే గొంతు తడారిపోతుంది. ఇవాళ మీకు పరిచయం చేయబోయే పెద్దాయన ఒకే ప్రాజెక్టుతో నలభై ఏళ్లకు పైగా గడిపారు. ఆ ప్రాజెక్టు ఒక పాత మోటార్‌సైకిల్. ఆయన పేరు బర్ట్ మన్రో.

ఆయన జీవితం ఆధారంగా 2005లో ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ అనే సినిమా వచ్చింది. ఆంథోనీ హాప్కిన్స్ హీరో. పేరు చూసి మనవాళ్లెవరో అనుకునేరు! ఇండియన్ అన్నది బండి పేరు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారయ్యేది. మన్రోది న్యూజిలాండ్.

న్యూజిలాండ్ పటంలో దాదాపు అట్టడుగున ఇన్వర్‌కార్గిల్ అనే ఊరు కనిపిస్తుంది. మన్రో 1899 మార్చి 25న పుట్టింది అక్కడే. దగ్గర్లోని ఎడెన్‌డేల్‌లో వాళ్ల పొలం. వ్యవసాయ కుటుంబం. కుర్రతనంలో ఇంట్లో అన్నిటికన్నా జోరుగా పరుగెత్తే గుర్రాన్ని ఎక్కి తిరిగేవారు. 1915లో డగ్లస్ అనే మోటార్‌సైకిల్, 1919లో సైడ్‌కార్ ఉన్న క్లైనో కొన్నారు. ఆ సైడ్‌కార్‌ని పీకేసి, ఉత్త బండితో స్థానిక పోటీల్లో వేగం రికార్డులు పెట్టారు. ఇంజినీరింగ్ కాలేజీ గుమ్మం మాత్రం ఎప్పుడూ తొక్కలేదు.

1920లో ఇండియన్ స్కౌట్ కొన్నారు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 600 సీసీ, రెండు సిలిండర్లు. గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే 90 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఇప్పుడు మీ కాలేజీ పార్కింగ్‌లో నిలిపి ఉన్న 125 సీసీ బండి కూడా ఆ వేగం అందుకుంటుంది. మన్రోకి అది చాల్లేదు. 1926 నుంచి దాన్ని విప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో ఆయన కొంతకాలం ఆస్ట్రేలియా వెళ్లి, మెల్‌బోర్న్‌లో డబ్బుల కోసం స్పీడ్‌వే పందేలు తోలారు. స్పీడ్‌వే అంటే చదునైన మట్టి వలయం. ఎప్పుడూ ఎడమవైపు తిరుగుడే. వెనక చక్రాన్ని పక్కకు జారనిస్తూ, ఎడమ కాలు నేలకు ఆనించి మలుపు లాగించాలి. దీనికి అమెరికాలో ఉన్న అన్నదమ్ముడే ఫ్లాట్ ట్రాక్. ఇవాళ కూడా అక్కడ పాత బళ్లకు విడిగా ఫ్లాట్ ట్రాక్ పోటీలు పెడతారు. వాటికోసం మొదటిసారి బండి కట్టుకునే కుర్రాళ్లు కొత్త సామాను కొనడంతో మొదలుపెట్టరు. ముందు ఉన్నవి పీకేస్తారు. హెడ్‌లైట్, మడ్‌గార్డులు, ఇండికేటర్లు, ముందు బ్రేకు.. పందేనికి పనికిరాని ప్రతిదీ పోవాలి. ఆ తర్వాతే ట్రాక్ పొడవుకి తగ్గట్టు వెనక స్ప్రాకెట్ మార్చుకోవడం, ఎడమ బూటు కింద ఉక్కు రేకు బిగించుకోవడం. బరువు దించడానికి పానా చాలు, పెట్టుబడి అక్కర్లేదు. మన్రో క్లైనో సైడ్‌కార్ పీకేసినప్పుడు చేసింది ఇదే పని.

ఆ తర్వాత వచ్చేదే అసలు కష్టం. పీకడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఇంజన్‌లోకి దిగాలి.

1930ల నాటి ఆర్థిక మాంద్యం మొదలవగానే ఆయన మళ్లీ ఇంటికి, పొలానికి వచ్చేశారు. తర్వాత ఊళ్లోనే మోటార్‌సైకిళ్ల సేల్స్‌మన్‌గా, మెకానిక్‌గా ఉద్యోగం దొరికింది. పగలు షాపులో బళ్లు అమ్మడం, రాత్రి షెడ్డులో స్కౌట్ ముందు కూర్చోవడం. కొన్నిసార్లు తెల్లారేదాకా పనిచేసి, నిద్ర లేకుండానే డ్యూటీకి పోయేవారు. ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు పోటీ పరీక్షలకు చదివేవాళ్లకి ఈ టైమ్‌టేబుల్ కొత్తేమీ కాదు!

డబ్బు లేదు కాబట్టి విడిభాగాలు ఆయనే చేసుకున్నారు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి, లోహం కరిగించి పిస్టన్లు పోతపోశారు. పాత పోత ఇనుప గ్యాస్ పైపుల నుంచి సిలిండర్లు తయారుచేశారు. ట్రాక్టర్ యాక్సిల్ ఉక్కును చేత్తో చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేశారు. కొలత పరికరంగా ఒక పాత చక్రపు స్పోక్ వాడేవారట. స్కౌట్ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి. మెకానికల్ వాళ్లకి తెలుసు, ఆ అమరికలో గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారి వంకర. ఎక్కువ వేగంలో ఊపిరి ఆడదు. మన్రో వాల్వులను సిలిండర్ పైకి మార్చేశారు. రెండు క్యామ్‌లు ఉన్నచోట నాలుగు పెట్టారు. ఆయిల్ వ్యవస్థను కూడా తన పద్ధతిలో మళ్లీ కట్టారు.

ఇవన్నీ మొదటిసారికే కుదిరాయనుకోకండి. ఇంజన్ పేలిపోయేది. మళ్లీ చేసేవారు. మళ్లీ పోయేది. షెడ్డులో ఒక అర ఉండేది. పగిలినవి, కాలినవి, వంగినవి అన్నీ దాని మీద వరసగా పేర్చి, వేగానికి అధిదేవతకు నైవేద్యం పెట్టినట్టు ఉంచేవారు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, మెకానిక్ కంటికి ఆ అర ఒక రికార్డు పుస్తకం. పిస్టన్ నెత్తిన చిల్లు పడిందంటే వేడి మితిమీరింది, లేదా మంట ముందే అంటుకుంటోంది. పక్కన గీతలు పడ్డాయంటే ఆయిల్ అందడం లేదు, లేదా సందు మరీ బిగుతుగా ఉంది. విరిగిన ముక్కని చెత్తబుట్టలో వేసేస్తే ఈ సంగతి ఎవరు చెబుతారు? కోడింగ్ చేసే మిత్రులూ, మీ ఎర్రర్ లాగ్‌లు కూడా ఇలాంటివే, తుడిచేయకండి. నన్నడిగితే ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో చెప్పదగ్గ మంచి సంగతులు ఆ అర మీదే ఉంటాయి, పూర్తయిన మోడల్‌లో కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. వేగంగా వెళ్లే బండికి పెద్ద శత్రువు గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు. స్కౌట్ చివరికి 55 మైళ్ల నుంచి 184 మైళ్లకు చేరింది. వేగం మూడు రెట్లు దాటింది. మిగతావేవీ మారకపోతే శక్తి సుమారు 37 రెట్లు కావాలి! కానీ ఇంజన్ సామర్థ్యం 600 సీసీ నుంచి 950 సీసీకి, అంటే రెండింతలకు కూడా పెరగలేదు. మిగతాదంతా ఎక్కడి నుంచి వచ్చింది? కొంత వాల్వుల నుంచి, క్యామ్‌ల నుంచి. కొంత శక్తి అవసరాన్నే తగ్గించుకోవడం నుంచి. బండి మొత్తాన్నీ, తననూ కప్పేలా చేప ఆకారంలో తొడుగు చేసుకున్నారాయన. అందులో బోర్లా పడుకుని నడపాలి.

ఇంటి దగ్గర ఆయన ప్రయోగశాల ఒరెటి బీచ్. అలలు వెనక్కి వెళ్లాక గట్టిపడే పొడవాటి ఇసుక తీరం. 1938లో న్యూజిలాండ్ వేగం రికార్డు తొలిసారి ఆయన పేరున చేరింది. 1957లో బీచ్ రికార్డు గంటకు 131.38 మైళ్లు, అంటే 211 కిలోమీటర్లు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పిచ్చికి ఆయన ఇంట్లోవాళ్లు కూడా ఖరీదు కట్టారు. నలుగురు పిల్లలున్న సంసారం 1940ల చివర్లో విడిపోయింది. ఆ రోజుల్లోనే ఆయన ఉద్యోగమూ మానేసి, ఒక షెడ్డు కట్టుకుని అందులోనే మంచం వేసుకున్నారు. రోజంతా బండితోనే. సినిమాల్లో ఇది అందంగా ఉంటుంది. మీరు ఆయన దగ్గర పని నేర్చుకోండి, ఈ భాగం అరువు తెచ్చుకోవాల్సిన అవసరమేమీ లేదు. పోటీల్లో ఆయన వేసుకున్న బట్టలు, బూట్ల సంగతి కూడా అంతే. ఇవాళ ఏ పోటీలోనూ వాటితో లోపలికి రానివ్వరు.

1953లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇండియన్ బళ్ల తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1962లో, అదే కంపెనీ 1920లో చేసిన బండిని మన్రో అమెరికా తీసుకెళ్లారు. యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానం ఆయన గమ్యం. కనుచూపుమేర తెల్లటి ఉప్పు, గోడలా చదును. ప్రపంచంలో వేగం పిచ్చి ఉన్నవాళ్లంతా ఆగస్టులో అక్కడ చేరతారు. కాకపోతే ఆ మైదానం సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బీచ్‌లో సరిపోయిన కార్బురేటర్ అమరిక ఆ పలచటి గాలిలో పనికిరాదు. పైగా ఉప్పు మీద చక్రం జారుతుంది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. ఇంజన్ 850 సీసీ. 883 సీసీ తరగతిలో గంటకు దాదాపు 179 మైళ్లతో, అంటే 288 కిలోమీటర్లతో రికార్డు పెట్టారు.

అక్కడితో ఇంటికెళ్లి పడుకోలేదు. 1966లో 1000 సీసీ తరగతిలో 168 మైళ్లు. 1967లో ఇంజన్‌ని 950 సీసీకి పెంచి మళ్లీ వచ్చారు. ఆయనకు 68, బండికి 47. ఆ ఏడాది 1000 సీసీ లోపు తరగతిలో ఆయన పెట్టిన రికార్డు ఇప్పటికీ చెప్పుకుంటారు. అర్హత కోసం తీసిన పరుగులో 190 మైళ్లు దాటారు, అంటే 305 కిలోమీటర్లు. అధికారికంగా లెక్కలోకి రాని ఒక పరుగులో 200 మైళ్లు కూడా దాటారని చెబుతారు.

ఆ తొడుగుతో ఒక చిక్కుంది. గాలి ఒత్తిడి కేంద్రం బరువు కేంద్రానికి ముందుకు వస్తే, విసిరిన బాణానికి ఈకలు ముందు కట్టినట్టే. బండి వంకర్లు తిరుగుతుంది. మన్రో బండికి ఈ ఊగులాట తప్పలేదు. ఒకసారి దాన్ని ఆపడానికి తొడుగులోంచి పైకి లేచి, తన ఒంటినే గాలికి అడ్డం పెట్టారు. గాలి కళ్లద్దాలను ఊడబెరికింది. చివరికి బండిని పక్కకు పడేసి, ఉప్పు మీద జారుతూ బయటపడ్డారు. ఒళ్లంతా గీరుకుపోయింది, ప్రాణం దక్కింది.

తర్వాతి ఏళ్లలోనూ బోన్‌విల్ వెళ్తూనే ఉన్నారు. 1977లో పక్షవాతం వచ్చింది. చేయీ కాలూ మాట వినడం లేదని తెలిశాక రెండు బళ్లనూ, స్కౌట్‌నూ దాని తోటి వెలోసెట్‌నూ, ఊళ్లోని వ్యాపారికి అమ్మేశారు. అవి తన ప్రాంతం దాటి పోకూడదన్నదే ఆయన కోరిక. 1978 జనవరి 6న కన్నుమూశారు.

ఇంకో సంగతి ఉంది. 1967 రికార్డును పుస్తకాల్లో 183.586 మైళ్లని రాసుకున్నారు. రికార్డంటే ఒక పరుగు కాదు. అటొకసారి, ఇటొకసారి పరుగెత్తి, రెండిటి సగటు తీస్తారు. ఆ సగటులో తప్పు దొర్లిందని చాలా ఏళ్ల తర్వాత మన్రో కొడుకు గమనించారు. అమెరికన్ మోటార్‌సైకిల్ సంఘం 2014లో లెక్క సరిచేసి 184.087 అని మార్చింది. తండ్రి పోయిన 36 ఏళ్లకు అర మైలు పెరిగింది.

స్కౌట్ ఇప్పుడు ఇన్వర్‌కార్గిల్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో ఉంది. సుత్తులు, స్క్రూలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు బిల్లు కట్టేసి, దాన్ని చూసి వెళ్తుంటారు.