‘అ’ కాడ ఆగిన కొమర్రాజు

పదేండ్ల కింద నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల దిగిన్నాడు మెట్రో ఇంకా నడుస్తలేదు, పిల్లర్లు లేస్తున్నయి. గదికి నలుగురం. పొద్దున ఇడ్లీ బండి కాడ నిలబడి తిని, బల్కంపేట ఎల్లమ్మ గుడి దిక్కు పోకుండ ఇటు అమీర్‌పేట దిక్కు మర్లి, మైత్రివనం సందులల్ల క్లాసుకు పోయేది. మాది భువనగిరి దిక్కు పల్లె. తెలుగు మీడియంల చదివి, డిగ్రీ అయినంక జావా నేర్చుకుందామని వచ్చిన.

క్లాసుల సారు చెప్పేది మొత్తం తెలుగే. లూపు అంటే ఏందో బాయి మోటకు గిర్ర తిరిగినట్టు చెప్పిండు, టక్కున తలకెక్కింది. గని రాత్రి రూముకు వచ్చి చదువుదామంటే చేతిల ఉన్నది జిరాక్సు తీసిన ఇంగ్లీషు మెటీరియల్. సారు చెప్పిన ఆ తెలుగు ముచ్చట ఏడపాయె? గాలిల పాయె. ఇరవై ఏండ్లకు పైబడి ఆ సందులల్ల రోజుకు ఎన్ని వందల క్లాసులు తెలుగుల నడుస్తున్నయో, అదంత ఎవ్వరూ కాయితం మీద పెట్టలే. నెట్టుల వెతికినా దొరకలే. అగో, అట్ల వెతుకుతుంటెనే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పేరు నా కంట్ల పడ్డది. బడిల ఒక్క మార్కు ప్రశ్నకు చదివి మర్చిపోయిన పేరు.

ఆయన పుట్టింది 1877 మే 18 నాడు, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలుల. మూడేండ్ల పిల్లగాడు ఉన్నప్పుడే తండ్రి పోయిండు. సవతి అన్న శంకరరావు కొలువు మా భువనగిరిల ఉండె. ఆయన దగ్గరికే తెచ్చుకున్నడు. అంటే తెలుగుల మొదటి విజ్ఞాన సర్వస్వం తెచ్చిన మనిషి చిన్నప్పుడు అక్షరాలు దిద్దింది మా గుట్ట కింద. నేను ఆ గుట్ట ఎన్ని తాపలు ఎక్కిన్నో లెక్క లేదు, ఈ సంగతి నాకు ఒక్కలు చెప్పలే.

ఆయనకు అక్క ఒకామె ఉన్నది, భండారు అచ్చమాంబ. ఆడపిల్లను బడికి తోలని కాలం. తమ్ముడు చదువుతుంటే పక్కన కూసొని చదువు పట్టుకున్నది. పెనిమిటి మాధవరావు ఇంజినీరు, ఆయన నౌకరీ నాగపూర్ దిక్కు. తమ్ముణ్ని తనెంట తీస్కపోయి చదివించింది. అట్ల లక్ష్మణరావుకు మరాఠీ వచ్చింది, ఎం.ఏ. దాక చదివిండు, మరాఠీ పత్రికలకు రాసిండు. సంస్కృతం, ఉర్దూ, బెంగాలీ గూడ పట్టిండు. అచ్చమాంబ ఊకె కూసోలే. దేశమంత ఆడోళ్ల జీవిత కథలు కూడబెట్టి అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. 1902ల రాసిన ఆమె కథ ధనత్రయోదశి, తెలుగుల మొదటి కథలల్ల ఒకటని ఇప్పుడు పెద్దలు ఒప్పుకుంటున్నరు. 1905ల ముప్పై ఏండ్లకే పోయింది. లక్ష్మణరావు తన బిడ్డకు అక్క పేరే పెట్టుకున్నడు. ఆ బిడ్డ డాక్టరయింది, తర్వాత విజయవాడ ఎంపీ గూడ అయింది. నా లెక్కల అయితే తమ్ముని బొమ్మ పెట్టిన కాడల్ల అక్క బొమ్మ గూడ ఉండాలె.

చదువు అయినంక మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివాను కొలువుకు వచ్చిండు. మునగాల అంటే ఇప్పటి సూర్యాపేట జిల్లా. అప్పట్ల చుట్టూ నిజాం రాజ్యం, నడుమల అది ఒక్కటి ఇంగ్లీషోళ్ల కింద ఉండె. కొలువు ఆడ, మనసేమో హైదరాబాద్ల. నిజాం కాలంల కచేరీల ఉర్దూ, పెద్దింటి ముచ్చట ఉర్దూ. తెలుగు పుస్తకం కొననీకి, చదవనీకి జాగ లేదు. 1901 సెప్టెంబర్ 1 నాడు రావిచెట్టు రంగారావు, మునగాల రాజా, ఈయన ఇంకా కొందరు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన్రు. సుల్తాన్ బజార్ల ఇప్పటికీ ఉన్నది. పేరుల ఆంధ్ర అని ఉన్నదని మొఖం తిప్పుకునేటోళ్లు మనల గూడ ఉన్నరు. అప్పట్ల ఆ మాటకు తెలుగు భాష అనే అర్థం. ఆ నిలయం చూసినంకనే హన్మకొండల, సికింద్రాబాద్ల గూడ గ్రంథాలయాలు లేచినయి. తెలంగాణల తెలుగు చదువుకు పాదు తీసింది ఆడనే.

గ్రంథాలయం పెడితే ఇంకో తిప్పలొచ్చింది. బీరువల పెట్టనీకి పుస్తకాలేవి? పురాణాలున్నయి, పద్యాలున్నయి. భూమి ఎట్ల తిరుగుతదో, కలరా ఎందుకొస్తదో, అమెరికా అంటే ఏందో చెప్పే పుస్తకం లేదు. అందుకే 1906ల హైదరాబాద్లనే విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టిన్రు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం మొదటి పుస్తకం. ఇగ వరుసగ చరిత్ర, పదార్థ శాస్త్రం, రసాయనం, జంతువుల శాస్త్రం. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర గూడ వీళ్లు ఏసిందే. ముందుగాల చందాదారులను పోగుచేసి, ఆ పైసలతోని పుస్తకం అచ్చేసి, ఇంటికి పంపేటోళ్లు. తర్వాత మండలి మద్రాసుకు మారింది, లక్ష్మణరావు గూడ ఆడనే మకాం పెట్టిండు.

ఇప్పుడు అసలు కథ.

ఒక్కొక్క పుస్తకం ఏసుకుంట పోతే ఎన్నటికి తెమలాలె అనుకున్నడో ఏమో, ఇంగ్లీషోళ్లకు బ్రిటానికా ఉన్నట్టు తెలుగుకు ఒక సర్వస్వం ఉండాలని కూసున్నడు. లోకంల ఉన్న ఎరుక అంతా అకారాది క్రమంల ఒక్క కాడ. 1912, 13 ప్రాంతంల పని షురూ అయింది. ఏ విషయం ఎవరికి తెలుసో వాళ్లతోని రాయించుడు, వచ్చింది తాను కూసొని సరిచూసుడు, ఎవ్వరు రాయనిది తానే రాసుడు. కన్నెమరా లైబ్రరీల పుస్తకాలు తిరగేసుడు, శాసనాలు చదువుడు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి, గాడిచర్ల, చరిత్ర తెలిసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ అసుంటోళ్లు చెయ్యేసిన్రు. చాన మాటలకు తెలుగే లేకపాయె. ఒక్కొక్క శాస్త్రం మాటకు తెలుగు మాట కట్టుకుంట పోవాలె. ఇయ్యాల మనం సాఫ్ట్‌వేర్‌ను తెలుగుల పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌ను ఏమనాలె, డౌన్‌లోడ్‌ను ఏమనాలె అని కొట్లాడుకుంటం సూడు, ఆ తండ్లాట అప్పుడే ఆయన పడ్డడు.

మూడు సంపుటాలు తెచ్చిండు. వందల పేజీల లావు పుస్తకాలు. అయితే మూడు సంపుటాలకు గూడ ఆయన ‘అ’ కాడనే ఉన్నడు!

మొదలు సదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత గుండె కలుక్కుమన్నది. తెలివి తక్కువై ఆగలే. పని కట్టిన తీరు అట్ల ఉండె. అకారాది క్రమం అంటే ‘అ’ ముగియంది ‘ఆ’ రాదు. ‘వరి’ గురించి తెలిసిన రైతు మనిషి రేపొచ్చి రాస్తా అన్నా, ‘వ’ అక్షరం వచ్చేదాక ఆగాలె. అచ్చయినంక తప్పు దొరికితే దిద్దనీకి రాదు, మళ్ల అచ్చు కావాలె. అన్నిటికన్న మించి, అన్ని కాయితాలు ఒక్క మనిషి బల్ల మీదికి రావాలె. ఆ మనిషికేమో ఉబ్బసం. గాలి మంచిగుంటదని మదనపల్లె పోయేది, జెర కోలుకుంటే మళ్ల పనిల పడేది. పైసల ఇబ్బంది సరేసరి. 1923 జులైల పాణం పోయింది, నలభై ఆరేండ్లకే. పని ఆయనతోనే ఆగింది.

ఆయన పోయినంక కాశీనాథుని నాగేశ్వరరావు, అదే అమృతాంజనం పంతులు, ఆ పని భుజానికెత్తుకున్నడు. ఆయన గూడ మళ్ల మొదటి అక్షరం నుంచే పట్టుకున్నడు, 1938ల ఆయన పోంగనే అదీ ఆగింది. ఆ తర్వాత హైదరాబాద్ల ఖండవల్లి లక్ష్మీరంజనం పెద్దదిక్కుగ సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం ఎనిమిది సంపుటాలు వచ్చినయి. అది నిండుగ వచ్చింది. గని ఎంతమంది ఊరోళ్ల ఇంట్ల ఉన్నదంటరు?

2003 డిసెంబర్ల వెన్న నాగార్జున అనే ఆయన తెలుగు వికీపీడియా తెరిచిండు. ఆయనే పద్మ అని ఇంకో సాధనం గూడ చేసిండు. అప్పట్ల ఒక్కో తెలుగు పేపర్ ఒక్కో ఫాంటు వాడేది, ఆ ఫాంటు లేకుంటే తెర మీద చెత్త చెత్త గుర్తులు. పద్మ ఆ రాతను యూనికోడ్‌లకు మార్చి చూపెట్టేది. దాని లోపలి కోడ్ గూడ అందరికి తెరిచే పెట్టిండు. తర్వాత లేఖిని వచ్చింది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. తాళం లేని సాఫ్ట్‌వేర్ అంటే ఇదే. ఒకడు కట్టిన గోడ మీద ఇంకొకడు ఇల్లు లేపుకోవచ్చు, అడిగి పర్మిషన్ తెచ్చుకునే పని లేదు.

వికీపీడియా నడిచే మీడియావికీ గూడ అసుంటిదే. కొమర్రాజును ఆపిన ఆ అడ్డాలు చాన వరకు ఇందుల లెవ్వు. ‘వ’ కోసం ఆగద్దు, రాత్రి రెండింటికి ‘వరి’ రాసుకోవచ్చు. తప్పు పోతే తెల్లారి దిద్దొచ్చు. ఒక్కని ఉబ్బసంతోని పని ఆగదు. ఇప్పుడు తెలుగుల వ్యాసాలు లక్ష దాటినయి. ఆ రాసేటోళ్లు ఏడాదికోసారి తమల మంచిగ రాసినోళ్లకు కొమర్రాజు పేరు మీదనే పురస్కారం ఇచ్చుడు మొదలుపెట్టిన్రు.

అంతా అయిపోయిందా అంటే కాలే. 2011 జనాభా లెక్కల తెలుగోళ్లం 8 కోట్లకు పైన. అందుల తెలుగు వికీల రోజూ రాసేటోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాన డీటీపీ షాపులల్ల ఇప్పటికీ అను ఫాంట్లల్లనే కొడుతున్నరు. అది అచ్చుకు మంచిగనే ఉంటది, గని దాన్ని నెట్టుల వెతికితే దొరకదు. అంటే కరపత్రాలు, చిన్న పత్రికలు, ఊరి చరిత్రల పుస్తకాలు కంప్యూటర్ల ఉండి గూడ లేనట్టే. ఇప్పుడు ఏఐ, ఏఐ అంటున్నరు గద. ఆ మిషను రాసి ఉన్నదాంట్లకెల్లి నేర్చుకుంటది. మన సారు బాయి మోట కథ దానికి ఎట్ల తెలుస్తది? అడిగితే ఇంగ్లీషు మెటీరియల్‌నే తెలుగుల తిప్పి మన మొఖాన కొడతది.

ఇంత మాట్లాడుతున్న, నేనేం పొడిసిన్నో గూడ చెప్పాలె. మొన్న ఊరికి పోయినప్పుడు మా ఊరి పేజీ తెరిచి చూసిన. ఉన్నది, లేదనను. ఎన్ని ఇండ్లు, ఎంత జనం, బడి ఎంత దూరం, బస్సు వస్తదా రాదా, 2011 లెక్కలు మొత్తం ఉన్నయి. మా చెరువు లేదు. కాటమయ్య గుడి లేదు. సాయుధ పోరాటంల మా ఊరోళ్లు గడీ మీదికి పోయిన ముచ్చట లేదు. ఎస్.ఆర్. నగర్ రూముకు వచ్చి ఆ రాత్రే ఫోన్ల నాలుగు పేరాలు కొట్టి ఎక్కించిన. తెల్లారేసరికి ఒకాయన రెండు పేరాలు తీసేసిండు. ఆధారం ఏదని అడిగిండు.

మొదలు కోపమొచ్చింది. మా తాత చెప్పిండు, ఇంకేం ఆధారం కావాలె అనిపించింది. జెర సల్లబడ్డంక సోచాయించిన. కొమర్రాజు బల్ల మీదికి నా కాయితం పోయినా ఆయన గూడ ఇదే అడుగుతుండె. తాత ముచ్చట తప్పని కాదు, అచ్చయిన కాయితం ఒకటి చూపెట్టాలె. చెరువు పేరా ఉంచిన్రు, దానికి సర్కారు రికార్డు దొరికింది. గడీ ముచ్చటకు పాత పేపర్లు తిరగెయ్యాలె. వచ్చే వారం నాలుగు గంటలు పర్మిషన్ పెట్టి సుల్తాన్ బజార్ పోతున్న, ఆయన పెట్టిన గ్రంథాలయంకే. ఎవరన్న వస్తరంటే అమీర్‌పేటల మెట్రో ఎక్కండ్రి, కలిసి పోదం.