విమానయోధుడు, రాయబారి: సర్దారు హర్దిత్ సింగు మాలిక్ గారి చరిత్రము

పూర్వుల చరిత్రములు చదువుటవలన ప్రయోజనమేమని కొందఱు యువకులు మమ్ముల నడుగుచుందురు. వారి బుద్ధిబలములు మనకు రావు. వారి కాలమును మరల రాదు. అయినను, తన యెదుట తలుపు మూయబడినపుడు మనుష్యుడు గౌరవము కోల్పోక యెట్లు మెలగవలయునో ఆ చరిత్రములే నేర్పును. ఈ తలంపుతోనే, మొదటి ప్రపంచయుద్ధమున విమానయోధులై, పిదప స్వతంత్రభారతమునకు రాయబారులైన సర్దారు హర్దిత్ సింగు మాలిక్ గారి జీవితమును చదువరుల ముందుంచుచున్నాము.

మాలిక్ గారు 1894వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, నేడు పాకిస్తానులోనున్న రావల్పిండి నగరమున, ఒక సిక్కు కుటుంబమునందు జన్మించిరి. పదునాలుగేండ్ల ప్రాయముననే విద్యార్థులై ఇంగ్లండు చేరిరి. ఈస్టుబోర్ను కళాశాలలో చదివి, 1912లో ఆక్సుఫర్డునందలి బాలియల్ కళాశాలలో ప్రవేశించి చరిత్రశాస్త్రము నభ్యసించిరి. చదువునందువలెనే ఆటలయందును వారు ప్రజ్ఞావంతులు. 1914లో ససెక్సు మండలము పక్షమున క్రికెట్టు ఆడిరి. గోల్ఫు క్రీడలో విశ్వవిద్యాలయమునకు ప్రాతినిధ్యము వహించిరి. పరదేశమున, బాల్యమునుండి యొంటరిగా పెరుగుచు, కేశములను తలపాగను విడువక తోడివిద్యార్థుల స్నేహమును చూఱగొనుట సామాన్యవిషయము గాదు.

ఇంతలో 1914 ఆగస్టులో యుద్ధము వచ్చెను. మాలిక్ గారి స్నేహితులందఱును సైన్యమున నధికారులుగా చేరిపోయిరి. వారితో తరగతిలో కూర్చుండుటకును, మైదానమున నాడుటకును తగినవారైన మాలిక్ గారు మాత్రము, భారతీయులగుటచేత, వారితో యుద్ధము చేయుటకు తగనివారైరి. వారు నిందించుచు కూర్చుండలేదు, వేడుకొనుచు తిరుగనులేదు. ఫ్రాన్సునకు వెడలి, అచ్చటి రెడ్ క్రాసు సంఘము పక్షమున గాయపడినవారిని మోయు బండిని నడపిరి. పిదప ఫ్రెంచి విమానసేనలో చేరగోరగా, ఆ దేశము వారిని చేర్చుకొనుటకు సమ్మతించెను.

ఇచట మేము కొంచెము నిలిచి యొక విషయము చెప్పవలసియున్నది. జీవితమంతయు పిల్లలకు పాఠములు చెప్పి గడపినవారము గనుక, మా దృష్టి యోధునికంటె ముందుగా ఆయన గురువుపై నిలుచుచున్నది. ఆక్సుఫర్డులో మాలిక్ గారికి గురువైన అర్కర్టు పండితుడు ఈ వార్త విని, బ్రిటిషు విమానసేనకు పెద్దయైన జనరల్ హెండర్సనునకు ఒక లేఖ వ్రాసెను. మనము కాదన్న యువకుని ఫ్రాన్సు స్వీకరించుట మనకు సిగ్గుగాదా యని ఆ లేఖయొక్క భావము. ఆ లేఖ ఫలించెను. 1917 ఏప్రిల్ 5వ తేదీన మాలిక్ గారు రాయల్ ఫ్లయింగ్ కోర్ అను విమానసేనలో అధికారులైరి. యోగ్యత శిష్యునిది, దానిని చెప్పదగినచోట చెప్పిన ధైర్యము గురువుది. ఈ రెంటిలో నేది లోపించినను ఈ చరిత్ర లేదు.

సేనలో చేరినను తలపాగను తీసి టోపీ పెట్టుకొనుటకు మాలిక్ గారు సమ్మతింపలేదు. తలపాగపై పట్టునట్టి పెద్ద శిరస్త్రాణమును ప్రత్యేకముగా చేయించుకొని ఆకసమున విహరించిరి. నియమము నతిక్రమించుటకు గాదు, తన ధర్మమునకును సేనాధర్మమునకును పొత్తు కుదుర్చుటకే ఆ యుపాయము.

28వ దళమున వారికి బార్కరు అను కెనడా వీరుడు నాయకుడయ్యెను. నడపవలసినది సాపువిత్ కామెల్ అను, ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన విమానము. 1917 అక్టోబరు 26వ తేదీన, ఫ్లాండర్సులో పాషెండేలు సంగ్రామము ఘోరముగా జరుగుచుండగా, చెడువాతావరణములో బార్కరుతో గూడి వీరు శత్రుభూమిపైకి వెడలిరి. జర్మను విమానములు చుట్టుముట్టెను. కుడికాలిలో గుండ్లు దిగినను మాలిక్ గారు విమానమును స్వపక్షభూమికి చేర్చి కూలద్రోసికొని బ్రదికిరి. విమానమునకు తగిలిన గుండ్లు నాలుగు వందలకు మించియుండెను. కాలిలోని రెండు గుండ్లు తీయరానివై, జీవితాంతము వారి శరీరముననే యుండెను.

గాయము మానిన పిమ్మట దళముతో ఇటలీ దేశమునకు వెడలిరి. అచట వచ్చిన యిబ్బంది విచిత్రమైనది. కామెల్ విమానపు యంత్రమునకు మన యిండ్లలో వాడు ఆముదమే కందెన. అది పెట్రోలులో కరగనిది గనుక ఆ యంత్రములకు పనికివచ్చెడిది. కాని కాలిన ఆముదము వెనుకకు చిమ్మి చోదకుని ముఖముపై బడుచుండును. శత్రువుల గుండ్లకు లొంగని మాలిక్ గారి శరీరము ఆముదమునకు లొంగెను. అందుచే వారు ఇంగ్లండు చేరి, బ్రిస్టల్ ఫైటరు అను వేఱు విమానమును నడపి, తిరిగి ఫ్రాన్సులో 1918లో యుద్ధము చేసిరి.

ఆ యుద్ధమున బ్రిటిషు విమానసేనలో పోరాడిన భారతీయులు నలుగురు. వారిలో ఇంద్రలాల్ రాయి పది విజయములు గడించి 1918 జూలై 22వ తేదీన నేలగూలెను. శ్రీకృష్ణ వెలింకరు గాయములచే మరణించెను. ఎర్రోల్ చందర్ సేను శత్రువులకు చిక్కి బందీయయ్యెను. గురువు వ్రాసిన లేఖ యెంత బరువైనదో ఈ లెక్కనుబట్టి తెలియును. తలుపు తెఱచినవాడు లోపల పూలపాన్పు నీయలేదు. ప్రాణము నొడ్డు హక్కు నిచ్చెను.

యుద్ధము ముగిసినప్పుడు మనదేశమునకు విమానసేన లేదు. అది 1932లో గాని స్థాపింపబడలేదు. మాలిక్ గారు ఇండియన్ సివిల్ సర్వీసునందు ప్రవేశించి, పంజాబులో పరిపాలనాధికారులైరి. పిదప ఐరోపాలోను అమెరికాలోను భారతవాణిజ్యమునకు ప్రతినిధులైరి. 1944 మొదలు పాటియాలా సంస్థానమునకు ప్రధానమంత్రిగా నుండిరి. 1947లో స్వతంత్రభారతము వారిని కెనడాకు తన మొదటి హైకమిషనరుగా బంపెను. తమ నాయకుడు బార్కరు 1930లో విమానప్రమాదమున ప్రాణములు విడిచిన ఒట్టావా నగరమే వారికి కార్యస్థానమయ్యెను.

1949లో మాలిక్ గారు ఫ్రాన్సునకు రాయబారులై వెడలిరి. ఒకప్పుడు గాయపడినవారిని మోసిన బండి నడపుటకు వెడలిన దేశమునకే ఇప్పుడు దేశప్రతినిధిగా వెడలుట! చందర్‌నగరును భారతమున కప్పగించు సంధి 1951 ఫిబ్రవరి 2వ తేదీన పారిసులో జరిగెను. మన గోదావరీతీరమందలి యానాము, పుదుచ్చేరి మున్నగు స్థలములతో గూడి 1954 నవంబరు 1వ తేదీన భారతపాలనలోనికి వచ్చినప్పుడును పారిసులో మన రాయబారి మాలిక్ గారే. శాసనరీత్యా ఆ బదిలీ 1962లో పూర్తియయ్యెను. ఆనాడు యానాము వీధులలో పండుగ చేసికొన్న తెలుగువారిలో ఈ తలపాగ దొరను గూర్చి యెఱిగినవారెందఱో మేము చెప్పజాలము. కాని రాయబారి పని యట్టిదే. ఫలము కనబడును, చేయి కనబడదు.

1985 అక్టోబరు 31వ తేదీన, తొంబదియేండ్ల ప్రాయమున, మాలిక్ గారు దివంగతులైరి. కొంచెము పని, కొంచెము ఆట యను నర్థమిచ్చు పేరుగల వారి స్వీయచరిత్రము 2010లో వెలువడెను. ఇంతటి జీవితమునకు అంత చిన్న పేరు పెట్టుకొనుట వారి వినయమునకు తార్కాణము.

యువకులారా! తలుపు మూయబడినదని మీ తలపాగను తీసి చేతబట్టుకొనకుడు. అట్లని గడపకడ కూర్చుండి తిట్టుచును కాలము గడపకుడు. యోగ్యత సంపాదింపుడు, పని దొరికినచోట చేయుడు. పెద్దలారా, పోషకులారా! మీకును ఒక్క మాట. ప్రతిభ గలిగియు నాశ్రయము లేని బాలుడు మీ యెఱుకలో నుండియే యుండును. వానికొఱకు దానము చేయుట మంచిది. కాని వాని యోగ్యతను వినదగినవారి చెవిని వేయుటకు వెనుదీయకుండుట అంతకంటె మంచిది. అర్కర్టు పండితుడు వెచ్చించినది ఒక కాగితమును కొంచెము సిరాయును మాత్రమే.