రంగశిల్పి గోర్డన్ క్రెయిగ్

నాటకం దృశ్యకావ్యం. దానిని చెవులతో వినడమే కాక కన్నులతోనూ చూస్తాం. అయితే రంగాలంకరణ నాటకానికి తొడిగిన ఆభరణం మాత్రమేనా, లేక నాటకార్థాన్ని అన్వేషించే సాధనమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికే జీవితాన్ని ధారపోసిన ఆంగ్ల కళాకారుడు ఎడ్వర్డ్ గోర్డన్ క్రెయిగ్.

ఆయన 1872 జనవరి 16న ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో జన్మించాడు. తల్లి ఎలెన్ టెర్రీ ఆ కాలపు మేటి నటి. తండ్రి గాడ్విన్ వాస్తుశిల్పి. క్రెయిగ్ 1889లో లండనులోని లైసియం నాటకశాలలో హెన్రీ ఇర్వింగ్ బృందంలో చేరాడు. నటుడిగా పేరు వస్తున్న దశలోనే, 1897లో నటనను విడిచిపెట్టాడు. కొయ్యపై బొమ్మలు చెక్కి అచ్చువేసే విద్య నేర్చుకొన్నాడు. వెలుగునీడల పొందికతోనే భావాన్ని పలికించవచ్చునని ఆ విద్య ఆయనకు బోధపరచింది.

ఆనాటి రంగస్థలం మీద కోటలనూ తోటలనూ ఉన్నవి ఉన్నట్లు చిత్రించిన తెరలదే రాజ్యం. 1900లో పర్సెల్ రచించిన 'డైడో అండ్ ఈనియస్' సంగీతనాటకాన్ని ప్రదర్శిస్తూ క్రెయిగ్ ఆ పద్ధతిని కాదన్నాడు. రంగస్థలం అంచున వెలిగే దీపాలను తొలగించి, పైనుండి వెలుగు ప్రసరింపజేశాడు. నిరాడంబరమైన నేపథ్యం మీద రంగులు మారుతుంటే కథలోని విషాదం కంటికి కట్టింది. 1903లో తల్లి నిర్వహణలోని నాటకశాలలో చేసిన ప్రదర్శనలు మాత్రం ధననష్టాన్నే మిగిల్చాయి. మరుసటి ఏడాది ఆయన స్వదేశం వదలి జర్మనీ చేరాడు.

తరువాత ఇటలీలోని ఫ్లోరెన్సు నగరం ఆయనకు ప్రయోగశాల అయింది. అక్కడ చిన్న నమూనా రంగస్థలాన్ని నిర్మించుకొన్నాడు. ఎత్తయిన మడత పలకలను జరుపుతూ, వాటిపై వెలుగును మార్చుతూ, ప్రతి అమరికనూ పరిశీలించేవాడు. శాస్త్రజ్ఞుడు పరికరాలతో పరిశోధించినట్లు ఆయన వెలుగుతో, చలనంతో పరిశోధించాడు. 1908లో 'ది మాస్క్' పత్రికను స్థాపించి తన భావాలను ప్రచురించాడు. 1910లో ఆ పలకలకు పేటెంటు పొందాడు. మరుసటి ఏడాది ఐరిష్ కవి యేట్స్ డబ్లిన్‌లోని అబే నాటకశాలలో వాటిని వినియోగించాడు.

స్తానిస్లావ్‌స్కీ ఆహ్వానంపై మాస్కోలో క్రెయిగ్ రూపొందించిన 'హామ్లెట్' 1912 జనవరిలో ప్రదర్శితమైంది. సభాదృశ్యంలో రాజు ధరించిన బంగారు వస్త్రం సభనంతా కప్పివేసినట్లు పరచుకొంటే, హామ్లెట్ చీకటిలో ఒంటరిగా కూర్చుంటాడు. అధికారం ఒకవైపు, అంతరాత్మ మరొకవైపు! సంభాషణ మొదలు కాకముందే నాటకసారం ప్రేక్షకునికి అందుతుంది. అయితే ప్రేక్షకుల ఎదుటనే పలకలు కదలి దృశ్యం మారాలన్న క్రెయిగ్ కోరిక నెరవేరలేదు. దృశ్యం మారినప్పుడల్లా తెర దించవలసివచ్చింది.

నటుడి ఆవేశం మీద కాక క్రమశిక్షణ మీద అభినయం నిలవాలని క్రెయిగ్ విశ్వసించాడు. అందుకే భారతీయ నాట్యసంప్రదాయం ఆయనను ఆకర్షించింది. ఆనందకుమారస్వామి వ్యాసం 1913లో 'ది మాస్క్'లో వెలువడింది. క్రెయిగ్ మరింత సమాచారం కోరుతుండడంతో, కుమారస్వామి నందికేశ్వరుని 'అభినయదర్పణా'న్ని ఆంగ్లంలోకి అనువదించి 1917లో ప్రకటించాడు. ఆ అనువాదంలో ఆయనకు సహకరించినవాడు మన 'ఆంధ్రరత్న' దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల-పేరాల ఉద్యమనాయకుడు, ఐరోపా రంగస్థల చింతనకూ మన నాట్యశాస్త్రానికీ నడుమ ఈ విధంగా వారధి అయ్యాడు.

1913లో ఫ్లోరెన్సులో క్రెయిగ్ నెలకొల్పిన పాఠశాల, మరుసటి ఏడాది ప్రపంచయుద్ధం రావడంతో మూతపడింది. పిదప ఆయనకు లభించిన ప్రదర్శనావకాశాలు స్వల్పం. అయినా రేఖాచిత్రాలను, నమూనాలను, రచనలను ఆయన విడువలేదు. 1966 జూలై 29న ఫ్రాన్సులోని వాన్స్ పట్టణంలో కన్నుమూశాడు.

ఆయన సాధించిన ప్రదర్శనలు కొద్ది. లేవనెత్తిన ప్రశ్నలు పెక్కు. చేతితో చేసి చూడడం కూడా ఆలోచనా మార్గమేనని, ఆశించిన ఫలితమీయని ప్రయోగం సైతం తరువాతివారికి జ్ఞానమే అవుతుందని క్రెయిగ్ జీవితం నిరూపించింది. నిరాడంబరమైన వేదికపై ఒక్క వెలుగుధారతో నాటకం నడిపే నేటి రంగశిల్పులు ఆ కృషికి వారసులు.